సీమ ఎలుకలతో పోయిన గంప

కడపలోని ఒక జీవకారుణ్య సంఘం వాళ్ళు మా అమ్మ గంప తిరిగి ఇవ్వలేదు. పదిహేను రోజుల్లో పంపిస్తామన్నారు. ఆ గడువు నేను పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నది. పంపలేదు. ఇప్పుడు ఆ సంఘం లేదు, మాట ఇచ్చిన కార్యదర్శి లేడు, గంప కోసం ఎదురుచూసిన మా అమ్మా లేదు. మనుషులు పోయినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు కాబట్టి రాసి పెడుతున్నాను.

"ఒక గంప కోసమా తాతా ఇంత కోపం" అని మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఒట్టి గంప అయితే నేనూ నవ్వేవాణ్ణే. అందులో పదకొండు సీమ ఎలుకలు కూర్చుని పోయాయి. అవి బతికున్నాయా లేదా అన్నది ఆ గంప వస్తేనే తెలిసేది. అదీ సంగతి.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ళూ నేను అక్కడ బిళ్ళబంట్రోతును. టెంపరరీ. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో ఉండేవి. ఈ గుడారంలో కాగితాలు ఆ గుడారానికి ఎండలో మోయడం నా పని. బడిలో నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఫైళ్ళలో ఇంగ్లీషు నాకు కొరుకుడు పడేది కాదు గాని, జనం పెట్టుకున్న అర్జీలు తెలుగులో ఉండేవి. నీడ దొరికిన చోటల్లా నిలబడి అవన్నీ చదివేవాణ్ణి. నా పై చదువు అంతా అదే. "తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనుట ఏమనగా" అన్న మాట నాకు ఏ పంతులూ నేర్పలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. నన్ను ఎవరూ రమ్మనలేదు. మా ఆఫీసరు గారి సామాను లారీకి ఎక్కిస్తుంటే ఆయన భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, ఒక చెక్కపెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. లోపల రెండు జంతువులు. ఎలుక కంటే పెద్దవి, కుందేలు కంటే చిన్నవి, తోకలు లేవు, ముక్కులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. అమ్మగారిది కోస్తా వైపు.

"వీటిని నువ్వు తీసుకెళ్ళవయ్యా, మీ ఇంట్లో పెంచుకుందురు గాని. రెండూ ఆడవే. నోట్లో నాలుక లేని జీవాలు. కాస్త గడ్డి పడేస్తే చాలు."

ఆమె మంచి మనిషి. కానీ చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాలేదు.

మా ఊరు కోయిలకుంట్లకు నడిచిపోయేటంత దూరం. నాన్న అప్పటికే లేడు. ఇంట్లో అమ్మ, ఒక పాడి ఎనుము, అంతే. పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడితే అమ్మ ముందు నా ఎదను చూసింది. బిళ్ళ లేదు.

"ఉద్యోగం యాడరా?"

"పోయింది మా."

"మళ్ళ చేతిలో అదేంది?"

"సీమ ఎలుకలు."

అమ్మ పెట్టెలోకి వంగి చాలాసేపు చూసింది. రాజధాని పోతే కొడుక్కి దక్కిన భాగం ఇదా అని అనుకుందో ఏమో, ఆ మాట మాత్రం అనలేదు. "సరే రా, లోపలికి రా. పాలు తాగుతాయా ఇవి?" అంది.

పాలు తాగలేదు. పిల్లల్ని పెట్టాయి. ఆడవే అని వచ్చినవాటిలో ఒళ్ళంతా సుడులున్న గోధుమరంగుది మగది. సంక్రాంతి దాటీ దాటకముందే రెండు అయిదయ్యాయి. ఉగాది పోయినాక పదకొండు. పుట్టిన గంటకే కళ్ళు తెరుచుకుని, బొచ్చుతో, పళ్ళతో, తల్లి వెంట తిరిగే పిల్లల్ని మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అమ్మ కూడా చూడలేదు. "బాగుండాది. సాకే పనే లేదు వీటికి" అని మెచ్చుకుంది.

పెట్టె చాలక వాటికి అమ్మ తన గంప ఇచ్చింది. కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొర్రలు పోసుకుని నెత్తిన పెట్టుకొచ్చిన గంప. ఈత బరిగెలతో అల్లింది, మూత ఉంది. మొదటి రోజే అంచు కొరికేశాయి. అమ్మ ఊరుకుంటుందా. వేపాకు నూరి, పేడలో కలిపి, గంపకు లోపలా బయటా పూసి ఎండబెట్టింది. ఆ తర్వాత ఒక్కటీ పన్ను పెట్టలేదు. వాసన సంగతి మాట్లాడితే అమ్మకు కోపం వచ్చేది. "పేడ వాసనేందిరా, పేడ పేడ లెక్కనే ఉంటాది" అనేది.

ఇక నోట్లో నాలుక. పచ్చగడ్డి చప్పుడు వినబడితే చాలు, పదకొండూ కలిసి ఈల వేసేవి. మామూలు ఈల కాదు. వీధి చివర నిలబడి మనిషిని పిలిచే ఈల. మా పక్కింటి పెద్దాయన, నేను మామా అని పిలిచేవాణ్ణి, పదెకరాల రైతు, ముగ్గురు కోడళ్ళు. ఆ ముగ్గురూ తోట నుంచి గడ్డిమోపులు ఎత్తుకుని మా వాకిలి ముందు నుంచే పోవాలి. వాళ్ళు పోయే ప్రతిసారీ మా ఇంట్లోంచి ఈల. ఇంట్లో ఉన్నది పెళ్ళి కాని నేను, ఉద్యోగం కూడా లేదు.

ఒకరోజు మామ తలపాగా బిగించి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, కర్నూల్లో ఇదేనా నేర్చుకుంటివి?"

"ఏంది మామా?"

"కోడండ్లు గడ్డి తెస్తాంటే ఈల ఏస్తాండావంట. పెద్ద కోడలు ఇంగ ఈ దోవన రానంటాది. నాకు ముగ్గురు కొడుకులుండారు, మతికి పెట్టుకో."

అమ్మ లోపలికి పోయి, రెండు గరికపోచలు తెచ్చి గంప దగ్గర ఆడించింది. ఇల్లంతా ఈల. మామ ముఖం చూడాలి. కొడుకుల మాట అక్కడితో పోయింది. ఆ పెద్దమనిషి లేచొచ్చి గంప ముందు గొంతు కూర్చున్నాడు.

మామకు పశువుల లక్షణాలు చూడటంలో పేరుంది. ఎద్దును కొనాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని సంతకు తోలుకుపోయేవాళ్ళు. ఎద్దు ఒంటి మీద సుడి ఎక్కడుంటే ఇంటికి మంచిది, ఎక్కడుంటే చేటు, అంతా ఆయన వేళ్ళ మీద ఉండేది. సుడులదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొచ్చు విడదీసి లెక్కించడం మొదలుపెట్టాడు. భుజం మీద ఒకటి. "ఇది భాగ్యం." నడుం మీద ఒకటి. "ఇది యజమానికి చేటు." నెత్తిన ఒకటి. "ఇది మంచిదే." తుంటి మీద రెండు. అక్కడ ఆగిపోయాడు. ఇంకా ఉన్నాయి, పొట్ట పక్కన, మెడ కింద. అంత మంచీ అంత చెడ్డా ఒకే ఒంటి మీద ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఈ ఎద్దును నేనైతే కొనను" అని చెప్పి, దాన్ని జాగ్రత్తగా గంపలో పెట్టి లేచిపోయాడు. మరునాడు కోడళ్ళు అదే దారిన వచ్చారు. వాళ్ళే ఈల వేసి పోయారు.

ఎండలు ముదిరాక అసలు కష్టం వచ్చింది. కాలువకు నీళ్ళు కట్టేశారు, ప్రతి ఎండాకాలం కట్టేసేదే. గట్టు మీద గరిక మాడిపోయింది. కుందేరు ఏట్లో ఇసుక తేలింది. ఎనుముకు ఎండు సొప్ప వేస్తే నమిలి పడుకుంటుంది. ఇవి ఎండుగడ్డి తిన్నా, పచ్చనిది కొంచెమైనా లేకపోతే నీరసించిపోతాయి. నేను సైకిలు మీద రోజూ బావులున్న తోటలన్నీ తిరిగి గుప్పెడు గుప్పెడు అడుక్కొచ్చేవాణ్ణి. మనుషులకే కూరాకు లేని రోజులు. "ఎలుకలకా?" అని అడిగి, అవునంటే నవ్వి, కొందరు పీకి ఇచ్చేవాళ్ళు.

ఒకరోజు సుడులది లేవలేదు. ముందుకాళ్ళు పట్టుకుపోయాయి, దగ్గరికి పోతే తల మాత్రం ఎత్తింది. ఈల లేదు. దాన్ని చూసి మిగతావీ మెదలకుండా ఉన్నాయి. రెండు రోజులు మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మూడోరోజు మామ గోడ మీద నుంచి తల పెట్టాడు.

"ఏమప్పా, ఈల ఇనపడల్యా?"

"పచ్చగడ్డి లేదు మామా."

ఆయన సాయంత్రం తన మోటబావి కింద మిగిలిన నాలుగు మళ్ళలోంచి కొత్తిమీర పీకి పంచె కొంగులో పోసుకొచ్చాడు. ఆ ఆకు తిని అది నాలుగు రోజులకు మళ్ళీ ఈల వేసింది. ఆ ఈల విని నాకు సంతోషం కాదు, సిగ్గు వచ్చింది. మామ బావి కూడా ఇంకో పది రోజులకు అడుగంటుతుంది. అప్పుడు?

జొన్నరొట్టె తింటూ అమ్మ ముందు ఆ మాట తీశాను. "ఎవరికైనా ఇచ్చేద్దామా?"

"ఎవరికిస్తావు? ఈడ తీసుకునేటోళ్ళెవరు?"

తీసుకునేవాడు తనంతట తనే వచ్చాడు. ఎక్కడో పెద్దాసుపత్రికి జంతువులు పట్టి ఇస్తాడట, ఎవరో చెప్పగా విని రేకుపెట్టెతో దిగాడు. అన్నీ ఒక్కసారే తీసుకుంటానన్నాడు.

"ఆస్పత్రిలో ఏం చేస్తారప్పా వీటిని?" అని అమ్మ అడిగింది.

"సూది ఏస్తారు తల్లీ. రోగం ఉండాదో లేదో తెలుసుకునేదానికి."

"రోగం వీటికి లేదే."

"వీటికి కాదు, మనుషులకు. ఆ రోగం వీటికి ఎక్కిచ్చి చూస్తారు."

"చూసినాక?"

"చూసినాక ఏముంటాది. కోస్తారు."

అమ్మ లేచి గంప మీద మూత పెట్టి, మూత మీద తను కూర్చుంది. వాడు రేకుపెట్టె తీసుకుని పోయేదాకా లేవలేదు. మనుషుల మేలుకే కదమ్మా అని వాడు అన్నాడు, నిజమే కావచ్చు. "అయితే మనుషులనే అడుక్కో పో" అంది అమ్మ.

జీవకారుణ్య సంఘం సంగతి నాకు బెల్లం పొట్లం మీద దొరికింది. చదువుకోని ఇళ్ళలో పొట్లం కాగితాలు పారేస్తారు, నేను పారేయను. దిక్కులేని జంతువులను చేర్చుకుని, సాకగల ఇళ్ళు వెతికి ఇస్తామని అందులో ప్రకటన. చోటు కడప. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని వారం తిరిగాను. రోజూ ఒకసారి తీసి చదవడం, రోజూ ఒకసారి గంప వైపు చూడటం. కోమటంగడి దగ్గర ఎవడో అన్నాడు కూడా, "ఆ సంఘాలోళ్ళు ముందు దారిన తీసుకుంటారు, ఎనక దారిన ఆస్పత్రికి అమ్ముతారప్పా" అని. వాడికి ఎలా తెలుసు అంటే తెలియదు. కానీ ఆ మాట చెవిలో పడ్డాక ఊరికే ఉండదు. జంతువుల్ని ఇంట్లోనే పెట్టి, ముందు నేనొక్కణ్ణే పోయి చూసి వద్దామని బస్సెక్కాను.

కడపలో అది పెంకుల సావిడి, చుట్టూ బండలు నిలబెట్టిన ప్రహరీ. లోపల గుడ్డి ఎద్దు ఒకటి, జట్కాకు పనికిరాని గుర్రం ఒకటి, ఒక చెయ్యి లేని కోతి. కార్యదర్శి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఆయన. మందమైన కళ్ళద్దాలు. కోతికి అరటిపండు వలిచి పెడుతూ నాతో మాట్లాడాడు.

"ఎందుకిచ్చేస్తాండావు?"

చెప్పబోతే ఒక ఫారం ఇచ్చాడు. "కారణము" అని మూడు గీతల జాగా. మూడు గీతలు. నేను రాజధాని కర్నూలు నుంచి తరలిపోవడంతో మొదలుపెట్టాను. గీతలు అయిపోయి, పక్కన ఖాళీలోకి పోయి, కాగితం తిప్పి వెనక రాస్తుంటే ఆయన వంగి చూశాడు.

"పచ్చగడ్డి లేదు అని రాయప్పా. సాలు."

నేను వెంటనే రాయలేదు. కొట్టేసి అదే రాశాను చివరికి, కానీ నొచ్చుకుని రాశాను.

"సార్, ఆసుపత్రికి ఇస్తారా మీరు?"

"వాళ్ళు అడుగుతారు. మేము ఇయ్యం."

"నమ్మేదెట్ల?"

"నా మొహం చూడు."

"చూసినా సార్. నమ్మేటట్టే ఉండాది. రెండూ ఆడవే అని చెప్పినామె మొహం గూడా అట్లనే ఉండె."

ఆయన నవ్వలేదు. కోతి చెయ్యి తుడిచి అన్నాడు: "నువ్వు ఇయ్యాల్నో వద్దో నేను చెప్పను. ఇంటికి పోయి ఆలోచన చెయ్యి. తెస్తే మాత్రం వాటి గూడుతోనే తేవాల. కొత్త తావులో సొంత వాసన లేకుంటే బెదిరి తిండి మానేస్తాయి."

ఇది అమ్మకు చెబితే ఆమె చేతిలో రొట్టె ఆగిపోయింది. కారణం ఉంది. మా ఇళ్ళలో ఎద్దును గాని ఆవును గాని అమ్మితే మెడలో పలుపు ఇవ్వం. కొన్నవాడు తన పలుపు తెచ్చుకోవాలి. మన పలుపు మన కొట్టంలోనే ఉండాలి, లేకపోతే పశువుతో పాటు ఇంటి పశులక్ష్మి కూడా నడిచి పోతుందని నమ్మకం. అమ్మిన ప్రతి పశువు పలుపూ మా కొట్టంలో కొయ్యకు వేలాడుతుండేది. ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటి పక్కన జానెడు ఈత పుల్ల ఒకటి కట్టి ఉంటుంది, దాని సంగతి వస్తుంది.

"వీటికి పలుపు లేదు గదమ్మా" అన్నాను.

"గంప ఉండాది గదా. ఇదే పలుపు." మళ్ళీ తనే అంది: "గంపలో పెట్టుకునే పో. గంప ఎనక్కి పంపమని చెప్పు. ఆస్పత్రికి అమ్మేటోడైతే గంపతో సహా అమ్ముతాడు, వానికి పలుపు మతి ఉండదు. సాకేటోడు గంప ఎనక్కి పంపుతాడు. గంప వస్తే అవి బతికి ఉండాయని నేననుకుంటా. రాకుంటే..."

మామ బావి ఆ వారమే అడుగంటింది. ఇచ్చేయడమా వద్దా అన్న తగువు అక్కడితో తెగిపోయింది. మనసులో మాత్రం తెగలేదు.

బస్సు వాళ్ళు గంపను టాపు మీద వేయమన్నారు. ఎండకు ఉడికిపోతాయని ఒళ్ళో పెట్టుకున్నాను. జమ్మలమడుగు దాకా బాగానే జరిగింది. అక్కడ ఒకామె కొత్తిమీర మోపుతో ఎక్కి నా ముందు సీట్లో కూర్చుంది. పదకొండూ ఒక్కసారి ఈల వేశాయి. డ్రైవరు బస్సు ఆపేశాడు.

"ఎవరు దిగేది?" అని కండక్టరు.

ఎవరూ దిగలేదు. రైట్ అన్నాడు. అర మైలు పోగానే మళ్ళీ ఈల, మళ్ళీ బస్సు ఆగింది.

"ఏమన్నా, ఊరికే ఆపుతాండావు?"

"నువ్వే ఏస్తివి గదప్పా ఈల."

"నేను ఎయ్యలేదు."

"నువ్వు ఎయ్యక నా పెండ్లాం ఏసిందా?"

కండక్టరు తన ఈల నోట్లోంచి తీసి, అందరికీ చూపించి, జేబులో వేసుకున్నాడు. బస్సు కదిలింది. గాలికి కొత్తిమీర వాసన ఇటు కొట్టింది. ఈల. బస్సు ఆగింది. ఈసారి అందరూ నా ఒళ్ళోకి చూశారు. మూత తీసి చూపించక తప్పలేదు. కండక్టరు తొంగి చూసి అన్నాడు, "ఇంగ నేనెందుకు, నా బిళ్ళ వీటికే ఇయ్యండి." బిళ్ళ పోయిన బాధ తెలిసినవాణ్ణి కాబట్టి నేను నవ్వలేదు. కొత్తిమీర ఆమె మాత్రం ఒక కట్ట విప్పి గంపలో వేసింది. "తినేటప్పుడు ఈల ఎయ్యలేవు గదా, పోనీ బస్సు" అంది. ప్రొద్దుటూరు దాకా అలాగే పోనిచ్చాం.

కార్యదర్శి గంప దగ్గర ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అయినా పని తెలిసినవాడు. ఒక్కొక్కదాన్ని ఎత్తి, తిప్పి చూసి, మగవి ఐదు ఒక పక్క, ఆడవి ఆరు ఒక పక్క పెట్టాడు. "ఇదొక్కటి మొదట్లోనే చేసి ఉంటే నీకు ఈ బస్సు ప్రయాణం తప్పేది" అన్నాడు. అది నిజమే, అందుకే ఒళ్ళు మండింది. పలుపు సంగతి, గంప సంగతి, అమ్మ అన్న మాట అన్నీ చెప్పాను. "పదైదు దినాల్లో అలవాటు పడతాయి. అప్పుడు గంప పంపిస్తాం, మీయమ్మకు చెప్పు" అన్నాడు. సుడులది నా చొక్కా గుండీ కొరుకుతూ ఉంటే దాన్ని విడిపించి ఆయన చేతిలో పెట్టాను. వెనక్కి తిరిగి ప్రహరీ దాటేదాకా ఈల వినబడుతూనే ఉంది. నేను పచ్చగడ్డి తేవడానికి పోతున్నానని అనుకున్నాయి.

పదిహేను రోజులయ్యాయి. పోస్టుమాన్ మా వీధిలోకి వస్తే అమ్మ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. ఊడ్చిన వాకిలినే ఊడ్చేది. నెల దాటింది. ఎనుము పాలు తగ్గితే గంప వల్ల. కోడి పొదిగిన గుడ్లు మురిగిపోతే గంప వల్ల. నాకు కోయిలకుంట్లలో పత్తి గింజల మిల్లులో పని దొరికింది, అది మాత్రం తన మొక్కు వల్ల.

"నేనే పోయి చూసొస్తా మా" అన్నాను.

"వద్దు. పోయి చూస్తే లేకుంటే?"

కాబట్టి ఉత్తరాలు రాశాను. గుడారాల మధ్య చదువుకున్న చదువు అప్పుడు బయటికి తీశాను. మొదటి ఉత్తరం మర్యాదగానే ఉంది, "విన్నవించుకొనుట ఏమనగా" తో మొదలైంది. జవాబు లేదు. రెండోదాంట్లో "ఇందుమూలముగా తెలియపరచడమేమనగా" వాడాను, అది కొంచెం బరువైన మాట. జవాబు లేదు. మూడోది నాలుగు ఠావుల కాగితం. మాట తప్పినవారిని, తువ్వాలు అడ్డం పెట్టుకున్నవారిని, మూడు గీతలలో మనిషి బాధ ఇమడ్చమనువారిని, ఎవరినీ వదలలేదు. చివర, అన్నిటికంటే కింద, అడగవలసినది ఒక్క వరుసలో అడిగాను: సుడులది ఈల వేస్తోందా లేదా. ఆ వరుస రాయకుండా ఉంటే బాగుండేదని పోస్టులో వేశాక అనిపించింది, మిగతా నాలుగు ఠావుల బలం అక్కడ పోయింది.

వానలు పడి, కాలువకు నీళ్ళు వదిలి, గట్టు మీద గరిక మోకాలెత్తు పెరిగాక, ఆ గడ్డి ఎవరూ అడగని కాలంలో ఒక కవరు వచ్చింది. కవరు పొడుగ్గా ఉబ్బి ఉంది. విప్పితే ఉత్తరంతో పాటు జానెడు ఈత పుల్ల ఒకటి రాలింది. అమ్మ చీపురు కింద పెట్టి, పుల్లను చేతిలోకి తీసుకుని, "సదువు" అంది. చదివాను. ఇప్పుడూ ఆ ఉత్తరం నా దగ్గర ఉంది, మార్చకుండా దించుతున్నాను:

"అయ్యా,

తమరు వ్రాసిన మూడు ఉత్తరములును చేరినవి. జవాబు వ్రాయుటకు ముఖము చెల్లక ఆలస్యము చేసితిమి. తమ గంప పంపకుండుటకు కారణము ఏమనగా, గంప లేదు. తమ జంతువులు దానిని తినివేసినవి.

గంప చేరిన దినముననే, పేడ వాసన భరింపలేక, మేము దానిని సున్నపు నీటితో శుభ్రముగా కడిగించితిమి. పేడ ఎందుకు పూసిరో తమరు చెప్పలేదు, మేమును అడుగలేదు. నాలుగు దినములలో మూతయు, నెల లోపల అడుగును పోయినవి. జంతువులు అన్నియు క్షేమము. ఆడవి ఇక్కడకు వచ్చునప్పటికే కడుపుతో నుండుటచే ఇప్పుడు పందొమ్మిది అయినవి. ఏ ఆసుపత్రికిని ఒక్కటియు ఇయ్యలేదు. మగవి రెండు ఒక ఇంటికి, ఆడవి రెండు ఒక ఇంటికి సాకుటకు ఇచ్చితిమి. ఒళ్ళంతయు సుడులు గల పెద్దదానిని ఎవరికి ఇచ్చినను, మరునాడే తెచ్చి ఇచ్చి పోవుచున్నారు. అది నా బల్ల క్రింద ఉన్నది. తమరు అడిగిన ప్రశ్నకు జవాబుగా, ఈ ఉత్తరము వ్రాయుచుండగా కూడ ఈల వేయుచున్నది.

పలుపు సంగతి మరువలేదు. గంప అంచులో మిగిలిన ముక్కను తమ తల్లిగారి కొరకు జతపరచితిమి. జంతువులకు గూడు లేక ఇబ్బందిగా ఉన్నందున, తల్లిగారిచేత ఇంకొక గంప పంపించవలెనని కోరుచున్నాము. ఈసారి పేడ కొంచెము మందముగా పూయవలెను. మేము కడుగము."